బొంత తిరగేసి చూడండి: అడుగు గుడ్డలో ముడతలు పడకుండా చేతికుట్టు

(చేతికుట్టు బొంతలు కుట్టేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీలో చాలామంది కుట్టిన బొంతలో, సగం కుట్టినవో వెంట తెచ్చుకున్నారు కదా. వాటిని ఒకసారి తిరగేసి ఒళ్లో పెట్టుకోండి. అడుగు గుడ్డ పైకి రావాలి. తిరగేశారా? ఇప్పుడు కళ్లు మూసుకుని అరచేత్తో చూడండి. మధ్యలోంచి అంచు దాకా మెల్లగా నిమరండి. ఎక్కడైనా చేతికి సన్నని గట్టులాంటిది తగిలితే అక్కడ ఒక పిన్నీసు గుచ్చి ఉంచండి. ఈ గంటసేపు మనం మాట్లాడుకునేది ఆ గట్టు గురించే. చివర్లో ఆ పిన్నీసుల దగ్గరికి మళ్లీ వద్దాం.

నేను కుట్టిన మొదటి పెద్ద బొంతకు నాలుగు నెలలు పట్టింది. రోజూ రాత్రి పనులన్నీ అయ్యాక ఒక గంట కుట్టేదాన్ని. పైన చూస్తే ఎంత ముద్దుగా ఉందో! కుట్లు వరసగా, సన్నగా వచ్చాయి. ఆఖరి ముడి వేసి, అంచు పట్టీ కుడదామని తిరగేశాను. సరిగ్గా మధ్యలో చూపుడువేలంత పొడవున ఒక మడత ఉంది. దాని మీదుగా నా కుట్లే, వరసగా, చక్కగా, ఆ మడతను కదలకుండా పట్టి ఉంచాయి. చాలాసేపు దాన్ని అలా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నేననుకున్నది ఏమిటంటే, కుట్టేటప్పుడు ఎక్కడో చెయ్యి తప్పింది అని. కాదు. ఆ తర్వాత చాలా బొంతలు కుట్టాక నాకు అర్థమైంది. ఆ మడత నేను సూది పట్టకముందే అక్కడుంది. పరిచిన రోజే పడింది. నాలుగు నెలల తర్వాత నేను వెళ్లి దాన్ని కుట్టి ఖాయం చేశాను, అంతే.

ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దీనిలోనే ఉంది. అడుగున పడే ముడతల్లో ఎక్కువ భాగం సూదితో పుట్టవు. గుడ్డ పరిచేటప్పుడు పుడతాయి. సూది వాటిని కుట్టేస్తుంది.

ముందు ముడత అంటే ఏమిటో తేల్చుకుందాం. మనం అన్నిటినీ ముడతలే అంటాం కానీ మూడు రకాలున్నాయి. ఒకటి మడత: అడుగు గుడ్డ దాని మీద అదే పడి, ఆ మడత మీదుగా కుట్టు వెళ్లిపోతుంది. వేలితో తడిమితే గట్టులా తెలుస్తుంది. సాధారణంగా కుట్టు వరసకు అడ్డంగా ఉంటుంది. రెండోది కుచ్చు: గుడ్డ మడత పడదు, కానీ కుట్టు వరస పొడవునా లాగినట్టు సన్నసన్నగా దగ్గరకు వస్తుంది, లంగా నడుము దగ్గర దారం లాగితే వచ్చినట్టు. మొదటిది పరచడంలో వచ్చిన తప్పు. రెండోది దారం లాగడంలో వచ్చిన తప్పు. మందు వేరు కాబట్టి, ముందు మీది ఏ రకమో చూసుకోండి.

మూడోది తప్పే కాదు. బొంత మొదటిసారి ఉతికి ఆరేశాక ఒళ్లంతా సన్నగా ముడుచుకుంటుంది చూశారా, పాత బొంతల్లో మనకు నచ్చేది సరిగ్గా అదే. రెండు గుడ్డల మధ్యలో వేసిన దూది పొర, అదే కాటన్ బ్యాటింగ్, ఉతికినప్పుడు కుంచించుకుపోతుంది. చాలా రకాలు 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతాయి. అది తగ్గినప్పుడు పైనా కిందా ఉన్న గుడ్డలు కుట్టుకూ కుట్టుకూ మధ్య కొంచెం ఉబ్బుతాయి. బొంతంతా ఒకేలా ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడొద్దు. ఇస్త్రీ పెట్టి చదును చేద్దామని అసలు చూడొద్దు.

సరే, మడత ఎందుకు పడుతుంది? మూడు పొరలున్నాయి: పై గుడ్డ, మధ్యలో బ్యాటింగ్, అడుగు గుడ్డ. పై గుడ్డ మన కళ్ల ముందుంటుంది. కొంచెం లేచినా వెంటనే సర్దేస్తాం. బ్యాటింగ్ గరుకుగా ఉంటుంది, గుడ్డను పట్టుకుని ఉంటుంది, అంత త్వరగా జరగదు. మిగిలింది అడుగు గుడ్డ. దాన్ని ఎవరూ చూడరు. కుట్టినంతసేపూ అది మన ఒళ్లో చీకట్లో ఉంటుంది. ఇక సూది ఏం చేస్తుంది? ముందుకు వెళ్లే ప్రతిసారీ గుడ్డను వెంట్రుకవాసి ముందుకు నెడుతుంది. ఒక కుట్టుకు వెంట్రుకవాసి ఎంత? ఏమీ కాదు. కానీ ఒక వరసలో ఎన్ని వందల కుట్లుంటాయి? అడుగు గుడ్డ సాపుగా, తగినంత బిగువుగా ఉంటే ఆ నెట్టినదంతా వెనక్కి సర్దుకుంటుంది. వదులుగా ఉంటే ముందుకు పోగుపడుతూ పోతుంది. పోయి పోయి, ఇంతకుముందు కుట్టిన ఇంకో వరస ఎదురవుతుంది. అక్కడికి రాగానే దానికి దారి లేదు. ఇక అక్కడ మడత పడుతుంది. రెండు కుట్టు వరసలు కలిసే చోటే మీ మడతలు ఎందుకు ఎక్కువగా ఉంటాయో ఇప్పుడు తెలిసింది కదా? మీ పిన్నీసులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.

గుడ్డ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది మీలో చాలామందికి తెలిసిందే. అడుగుకు దుప్పటి గుడ్డ వాడొద్దు. మరీ దట్టంగా నేసిన దుప్పట్లలో సూది దిగదు. దిగకపోతే మనం బలంగా నెడతాం, నెడితే గుడ్డ జరుగుతుంది. పైన వాడినలాంటి మామూలు నూలు గుడ్డే అడుగుకూ వాడండి. పై గుడ్డల్ని ముందే ఉతికి వాడితే దీన్నీ ఉతకండి. ఒకటి ఉతికి, ఇంకొకటి ఉతక్కుండా కలపొద్దు. నేత అంచులు, అదే బట్టకు రెండు పక్కలా గట్టిగా ఉండే బద్దెలు, కత్తిరించి తీసేయండి. ఆ అంచు నేత మిగతా గుడ్డ కంటే బిగుతు. దాన్ని అతుకులో ఉంచి కుడితే అతుకు పొడవునా గుడ్డ లాగేస్తుంది. రెండు ముక్కలు అతకాల్సి వస్తే అతుకును రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి. ఒకే వైపు మడిస్తే అక్కడ ఒక పొర ఎక్కువై గట్టులా నిలబడుతుంది. రెండు ముక్కల్లోనూ పడుగు, అంటే నేతలో నిలువు పోగులు, ఒకే దిక్కుకు ఉండాలి. కొలత విషయానికొస్తే, పై గుడ్డ కంటే నాలుగు వైపులా 4 అంగుళాల చొప్పున ఎక్కువ ఉంచుకోండి. చివర్లో కత్తిరించేస్తాం కదా, వృథా కదా అనిపిస్తుంది. అంచుల దగ్గర కుట్టేటప్పుడు రింగుకు, అంటే గుడ్డను బిగించి పట్టే గుండ్రటి చట్రానికి, పట్టు దొరికేది ఆ 4 అంగుళాల్లోనే.

ఇస్త్రీ మాత్రం బద్ధకించొద్దు. కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఇంకా మంచిది, గుడ్డ నిలబడి మాట వింటుంది. ఇస్త్రీ పెట్టెను రుద్దుతూ లాగొద్దు, ఎత్తి పెట్టి నొక్కండి. రుద్దితే గుడ్డ ఓరగా, అంటే మూల నుంచి మూలకు, సాగిపోతుంది.

పరచడం, ఇదే అసలు పని

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీకో చిన్న ప్రయోగం చూపిస్తాను. వెనక కూర్చున్నవాళ్లకు కనపడుతోందా? ఇవి రెండు చేతిరుమాళ్లు, ఒకే కొలత. ఈ కింది రుమాలును బల్ల మీద పేక వైపు, అంటే అడ్డం పోగుల వైపు, బాగా లాగి టేపు వేస్తున్నాను. గట్టిగా, డోలు తోలులా. దీని మీద రెండోదాన్ని లాగకుండా ఊరికే పరిచి, నాలుగు మూలలా, మధ్యలో పిన్నీసులు పెడుతున్నాను. ఇప్పుడు చూస్తే రెండూ సాపుగానే ఉన్నాయి కదా? టేపు తీస్తున్నాను. చూశారా? కింది రుమాలు తన కొలతకు తాను వెనక్కి వెళ్లిపోయింది. పైదానికి చోటు చాలక అలలు లేచాయి.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ముడత పడకూడదు అనగానే గుడ్డను ఎంత లాగి కడితే అంత మంచిది అనుకుంటాం. లాగి కట్టిన గుడ్డ లాగినట్టే ఉండిపోదు. టేపు తీసిన క్షణం వెనక్కి వస్తుంది. అప్పటికే దాన్ని మిగతా రెండు పొరలతో కలిపి కుట్టేసి ఉంటాం. వదులుగా పరిస్తే అడుగున ముడత, మరీ లాగి పరిస్తే పైన ముడత. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, మనం అన్ని చోట్లా సమానంగా లాగలేం. మూలలు పట్టి లాగుతాం. మూల అంటే ఓర. గుడ్డ పడుగు వైపు పెద్దగా సాగదు, పేక వైపు కొంచెం సాగుతుంది, ఓరగా లాగితే మాత్రం సాగుతూనే ఉంటుంది. మూల సాగినప్పుడు దాని పక్కనున్న చోటు వదులవుతుంది. ఆ వదులు ఎటూ పోదు, అక్కడే మడతగా పడుకుంటుంది.

మరి ఎలా పరచాలి? అడుగు గుడ్డను తిరగేసి, అంటే మంచి వైపు నేలకు ఉండేలా పరచండి. నేల నున్నగా, శుభ్రంగా ఉండాలి. మూలలు ముట్టుకోవద్దు. మొదట ఒక వైపు అంచుకు సరిగ్గా మధ్యలో మాస్కింగ్ టేపు వేయండి. తర్వాత దాని ఎదుటి అంచు మధ్యలో. తర్వాత మిగిలిన రెండు వైపులా మధ్యలో. అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ జానెడుకో టేపు, ఎప్పుడూ ఎదురెదురుగా వేస్తూ రండి. మూలలు ఆఖర్న వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. మూలను లాగాల్సి వచ్చిందంటే మధ్యలో ఎక్కడో తప్పు వేశామన్నమాట. ఆ టేపులు విప్పి మళ్లీ మొదలుపెట్టండి.

సరిపడా బిగువు వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది? నేను రెండు పరీక్షలు చేస్తాను. ఒకటి, అరచెయ్యి ఆనించి గుడ్డ మీద నిమరండి. చేతి ముందు చిన్న అల లేచిందంటే వదులు. రెండోది, ఏదో ఒక టేపు ముక్క తీసి చూడండి. గుడ్డ ఎక్కడిదక్కడే ఉంటే సరిగ్గా ఉంది. చటుక్కున వెనక్కి జరిగితే మనం ఎక్కువ లాగాం. ఈ రెండో పరీక్ష ఎవరూ చేయరు. దయచేసి చేయండి. మీ నెలల కష్టం ఆ ఒక్క టేపు ముక్క దగ్గర తేలిపోతుంది.

బ్యాటింగ్‌ను ఒక రోజు ముందే సంచిలోంచి తీసి విప్పి పరిచి ఉంచండి. మడత గీతలు వాటంతటవే దిగుతాయి. అడుగు గుడ్డ మీద వేశాక మధ్య నుంచి బయటికి నిమరండి. నిమరండి అంటున్నాను, లాగమనడం లేదు. లాగితే అది కొన్ని చోట్ల పలచబడిపోతుంది. ఆ పైన పై గుడ్డ, మంచి వైపు పైకి. మళ్లీ మధ్య నుంచి బయటికి.

ఇక కచ్చా కుట్టు, అంటే మూడు పొరలూ జరగకుండా తాత్కాలికంగా వేసి, తర్వాత తీసేసే పొడవాటి కుట్టు. అవునమ్మా, మీరు మొదట్లోనే అడిగారు, పిన్నీసులు పెడితే చాలదా అని. మిషను మీద కుట్టేవాళ్లకు పిన్నీసులు బాగుంటాయి. మనం రింగులో పెట్టి చేత్తో కుట్టేవాళ్లం. రింగు పిన్నీసు మీదికి వస్తే సరిగ్గా కూర్చోదు, దారం వెళ్లి పిన్నీసుకు చుట్టుకుంటుంది. ఒక్కొక్కటీ తీస్తూ పోతాం. తీసిన చోట పొరలు వదులవుతాయి. జిగురు స్ప్రేలు కూడా ఉన్నాయి. చిన్న బొంతకు పనికొస్తాయి కానీ, కొన్నిటితో సూదికి జిడ్డు పట్టి చేతికుట్టుకు జారదు. నా ఓటు కచ్చా కుట్టుకే.

తెల్ల దారమే వాడండి, ముదురు రంగు దారం గుడ్డకు రంగు అంటించవచ్చు. బొంత పొడవుకు సరిపడా దారం తీసుకుని ముడి వేయకుండా మధ్యలో మొదలుపెట్టండి. సగం దారం అక్కడే వదిలేసి ఒక వైపు అంచు దాకా కుట్టండి. తర్వాత వెనక్కి వచ్చి, వదిలేసిన సగాన్ని సూదిలోకి ఎక్కించి రెండో వైపుకు వెళ్లండి. ఎప్పుడూ మధ్య నుంచి బయటికే. కుట్టు 2 అంగుళాల దాకా పొడవుగా ఉండొచ్చు, వరసకూ వరసకూ మధ్య మాత్రం బెత్తెడే. నిలువు వరసలూ వేయండి, అడ్డం వరసలూ వేయండి. ఇది అయ్యేసరికి నడుము పట్టేస్తుంది, నిజమే. బెత్తెడును జానెడు చేద్దామనిపిస్తుంది. చేయొద్దు.

ఒక చిన్న చిట్కా. సూది మొన పైకి వచ్చినప్పుడు దాన్ని అందుకోవడానికి గుడ్డ కింద వేళ్లు పెట్టి ఎత్తుతాం. ఎత్తిన ప్రతిసారీ కింది పొర జరుగుతుంది. ఎడమ చేతిలో ఒక చెంచా పట్టుకోండి. సూది మొన పైకి వచ్చే చోట చెంచా అంచు ఆనిస్తే మొన దాని మీదికి ఎక్కుతుంది. గుడ్డను ఎత్తాల్సిన పనే లేదు.

అంతా అయ్యాక టేపులు తీసి... ఏం చేయాలి? ఎవరైనా చెప్పండి. అవును, తిరగేయాలి! రింగు పెట్టకముందే, ఒక్క అసలు కుట్టు కూడా వేయకముందే తిరగేసి అరచేత్తో నిమరాలి. ఇప్పుడు దొరికిన ముడతకు పది నిమిషాలు చాలు, నాలుగు కచ్చా కుట్లు తీసి సర్దేస్తాం. కుట్టంతా అయ్యాక దొరికితే రోజులు పడుతుంది.

నేల మీద చోటు లేనివాళ్లు, మోకాళ్లు వంగనివాళ్లు బల్ల మీద చేసుకోవచ్చు. బొంత మధ్య భాగాన్ని బల్ల మధ్యకు తెచ్చి, వేలాడే అంచుల్ని క్లిప్పులతో బల్లకు పట్టించండి. కనపడినంత మేర కచ్చా కుట్టు వేశాక క్లిప్పులు తీసి, జరిపి, మళ్లీ పెట్టండి. జరిపిన ప్రతిసారీ అడుగు గుడ్డను మళ్లీ నిమిరి, సాపు చేసి, అప్పుడే క్లిప్పు. పెద్ద ఫ్రేము ఉన్నవాళ్లకు మూడు పొరల్నీ ఫ్రేమే పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. లాగకుండా బిగువుగా ఉంచాలన్న నియమం మాత్రం వాళ్లకూ ఒకటే.

రింగు, కుట్టు

మీలో ఎంబ్రాయిడరీ చేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం మందికి పైనే. అయితే ఈ మాట మీ కోసమే. ఎంబ్రాయిడరీలో రింగు బిగించాక ఏం చేస్తాం? చుట్టూ గుడ్డ అంచు పట్టుకుని ఒక్కో వైపు లాగి, డోలులా మోగేదాకా బిగిస్తాం. అక్కడ ఒక్క పొరే కాబట్టి సరిపోయింది. ఇక్కడ మూడు పొరలు. మీరు పట్టుకుని లాగేది పై గుడ్డను. అది బిగుస్తుంది. అడుగు గుడ్డ మాత్రం రింగు లోపల సంచిలా వేలాడుతూనే ఉంటుంది. పైన చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. కింద ముడత తయారవుతోంది. ఈ అలవాటు మానుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, చేతులు వాటంతటవే లాగేసేవి.

రింగు ఇలా పెట్టండి. లోపలి రింగు కింద పెట్టి, దాని మీద మూడు పొరలూ వేసి, పై రింగును మర వదులుగా ఉంచి దింపండి. బిగించకముందు చెయ్యి కిందికి పోనిచ్చి అడుగు గుడ్డను మధ్య నుంచి చుట్టూ నిమరండి. ఇప్పుడు మర సగం బిగించండి. మళ్లీ కింద నిమరండి. ఇప్పుడు పూర్తిగా బిగించండి. ఆఖర్న మధ్యలో అరచేత్తో ఒకసారి మెల్లగా నొక్కి కొద్దిగా వదులు చేయండి. కింది నుంచి వేలితో నెడితే చిన్న గుట్టలా పైకి లేవాలి. ఆ మాత్రం వదులు లేకపోతే సూదిని పైకీ కిందికీ ఊపుతూ కుట్టలేం. అంచుల దగ్గర రింగుకు గుడ్డ చాలకపోతే ఒక పాత గుడ్డ పట్టీని అంచుకు కచ్చాగా కుట్టి అదనపు వెడల్పు తెచ్చుకోండి. పని ఆపిన రాత్రి రింగు తీసేయండి. ఉంచేస్తే గుడ్డ మీద గీత పడుతుంది, గుడ్డ సాగుతుంది కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి? మధ్యలో. మళ్లీ అదే మాట. అంచు డిజైను అందంగా ఉంది కదా, ముందు అది కుట్టేద్దాం అనిపిస్తుంది. చుట్టూ గట్టు వేసేశాక చెరువులో నీళ్లు ఎటు పోతాయి? అంచంతా ముందే కుట్టేస్తే మధ్యలో మిగిలిన వదులుకు బయటికి దారి ఉండదు. అందుకే మధ్య నుంచి బయటికి, ఎప్పుడూ ఒక వైపు దారి తెరిచి ఉంచుతూ కుట్టాలి. కుట్టు వరస రింగు దాటి పోతుంటే, దారం తెంపకుండా సూదిని అక్కడే గుచ్చి ఆపి, ఇంకో సూదితో పక్క వరస మొదలుపెట్టండి. నా బొంత మీద ఒక్కోసారి ఆరేడు సూదులు అలా ఆగి ఉంటాయి. రింగు జరిపాక అన్నిటినీ కలిపి ముందుకు తీసుకుపోతాను. ఒకే వరసను ఈ చివర నుంచి ఆ చివరకు లాక్కుపోవడం కంటే ఇలా అన్నీ సమానంగా సాగితే వదులు ఒక్కచోట పోగుపడదు.

సూది గురించి రెండే మాటలు. క్విల్టింగ్‌కు పొట్టి సూదులు వస్తాయి, బిట్వీన్స్ అంటారు. నంబరు పెరిగేకొద్దీ సూది చిన్నది, సన్నది అవుతుంది. కొత్తవాళ్లు 8 గానీ 9 గానీ తీసుకోండి. దారం మూరెడు చాలు. పొడవు దారం చిక్కుపడుతుంది, లాగాల్సి వస్తుంది, లాగితే కుచ్చు.

ఆ కుచ్చు దగ్గరికే వచ్చాం కాబట్టి చెబుతాను. సూది మీద ఆరేడు కుట్లు ఎక్కించుకుని ఒక్కసారిగా లాగితే దారంతోపాటు గుడ్డ కూడా దగ్గరకు వస్తుంది. మూడు నాలుగు కుట్లు చాలు. దారం లాగినప్పుడు కుట్టు దగ్గర బ్యాటింగ్ కొద్దిగా నొక్కుకుని చిన్న గుంట పడాలి. ఆ గుంట కనపడగానే చెయ్యి ఆగిపోవాలి. ఆ తర్వాత బొటనవేలితో కుట్టు వరస వెంట ఒకసారి వెనక్కి నిమరండి, ఎక్కువ లాగి ఉంటే దారం అక్కడే సర్దుకుంటుంది. టెన్షన్‌లో ఉన్న రోజు నా కుట్లు బిగుసుకుంటాయి. కుట్టు చూస్తేనే నాకు తెలిసిపోతుంది. అలాంటి రోజు సూది పక్కన పెట్టి కచ్చా కుట్టో, అంచు పట్టీ కత్తిరించడమో చూసుకుంటాను.

ఇక కింది చెయ్యి. మనం సూది పట్టిన చెయ్యినే చూసుకుంటాం. అడుగున ఏం జరుగుతోందో తెలిసేది రెండో చేతికే. సూది మొన కింది వేలికి తగిలిన క్షణం ఆ వేలు గుడ్డను పైకి నెట్టి మొనను వెనక్కి పంపాలి. ఆ పని చేస్తూనే మిగతా వేళ్లు అడుగు గుడ్డ మీద పరుచుకుని ఉండాలి. ముడత మొదలవుతుంటే ముందు వాటికే తెలుస్తుంది. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వారాలు కుట్టాక ఒక రోజు గుడ్డ కింద సన్నగా పేరుకుంటున్నట్టు వేళ్లకు తగులుతుంది. అది తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో! అందాకా ఒక అలవాటు చేసుకోండి. మూరెడు దారం అయిపోయిన ప్రతిసారీ, కొత్త దారం ఎక్కించే ముందు, బొంతను తిరగేసి చూడండి. అంతకంటే దూరం చూడకుండా పోవద్దు. అప్పుడు ముడత పడినా మూరెడు దారంలోపే దొరుకుతుంది.

పడిపోతే?

అన్నీ చేశాక కూడా పడొచ్చు. నాకిప్పటికీ పడతాయి. అప్పుడు కంగారుపడి వరసంతా పీకేయొద్దు. మడత మీద సరిగ్గా మధ్యలో ఉన్న ఒక్క కుట్టును కత్తెర మొనతో తెంపండి. అక్కడి నుంచి రెండు వైపులా ఒక్కో కుట్టూ సూదితో విప్పుతూ వెళ్లండి. మడత దానంతటది చదునయ్యేదాకా, ఇంకా సూదిలోకి ఎక్కించడానికి కనీసం 3 అంగుళాల దారం చేతికి వచ్చేదాకా విప్పాలి. ఆ రెండు కొసల్నీ ముడి వేసి బ్యాటింగ్‌లోకి పోనిచ్చి దాచేయండి. అడుగు గుడ్డను ఇంకా కుట్టని వైపుకు నిమరండి. కచ్చా కుట్టు ఒకటి వేసి పట్టించి, అప్పుడు కొత్త దారంతో మళ్లీ కుట్టండి. మడత రెండు మూడు వరసల మీదుగా పోతుంటే ఆ వరసలన్నీ విప్పాల్సిందే. ఒక్కదాన్నే విప్పితే వదులు పక్క వరసల మధ్యకు జరిగి అక్కడ మడత పడుతుంది.

అన్నిటినీ విప్పాలా? నా లెక్క చెబుతాను. గోరంత కంటే చిన్నదై, వేలికి గట్టులా తగలకపోతే వదిలేస్తాను. వేలికి తగిలిందంటే విప్పుతాను, ఎన్నాళ్ల పనైనా సరే. ఎందుకంటే లేచి ఉన్న ఆ మడత అంచు మీదే రాపిడంతా పడుతుంది. ముందు చిరిగేది అక్కడే. అడుగుకు పూల గుడ్డ వేస్తే ముడతలు కనపడవు అని కొందరు చెబుతారు. కంటికి కనపడదు, నిజమే. కప్పుకున్నవాళ్ల ఒంటికి తెలుస్తుంది. నేను ఇప్పటికీ అడుగుకు లేత రంగు సాదా గుడ్డే వేస్తాను. ముడత పడితే నాకు వెంటనే కనపడాలి.

సరే, ఇప్పుడు మొదట్లో పిన్నీసులు పెట్టినవాళ్లు... ఇంతమందా! రండి, ముందు ఆ నీలం బొంత ఇలా తీసుకురండి. బల్ల మీద తిరగేసి పరుద్దాం. వెనకవాళ్లు కూడా దగ్గరికి రండి, చుట్టూ నిలబడండి. చూడండి, ఇది ఎక్కడుంది? రెండు కుట్టు వరసలు కలిసే చోట, అడుగు గుడ్డ అతుకుకు పక్కనే. అతుకును తడిమి చూడండి, ఒకే వైపుకు మడిచి ఇస్త్రీ చేశారు. ఈ గట్టు అడ్డం పడి వదులంతా ఇక్కడే ఆగింది. మీ కుట్టులో ఏ లోపమూ లేదమ్మా, కుట్టు చాలా బాగుంది. నాకు చిన్న కత్తెర ఇవ్వండి. ఇదిగో, ఈ మధ్య కుట్టు ఒక్కటి తెంపుతున్నాను. ఇక్కడి నుంచి మీరు విప్పండి.